"నేను" అంటే ఎవరు? బుద్ధుడు, ఫ్రాయిడ్ ఏమన్నారు?

"నేనింతే, నా నేచరే ఇంత" అని తెగ అంటుంటాం కదా. ఆ "నేను" అసలు ఎవరు? ఇవాళ్టి టాపిక్ అదే.

ముందు బుద్ధుడు. సారనాథ్‌లో ఐదుగురు శిష్యులకి ఆయన చెప్పిన రెండో ఉపదేశం దీని గురించే. లాజిక్ సింపుల్. ఈ శరీరమే "నేను" అయితే, నేను ఎలా ఉండమంటే అలా ఉండాలి. కానీ ఉండదు, జబ్బు పడుతుంది. ఫీలింగ్స్, ఆలోచనలూ అంతే, మన మాట వినవు. మనిషంటే ఐదు స్కంధాలు అన్నాడు: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. ఇక్కడ వేదన అంటే బాధ ఒక్కటే కాదు, హాయిగా అనిపించడం కూడా వేదనే. ఈ ఐదూ మారుతూనే ఉంటాయి. వీటి వెనక మారని ఓనర్ ఎవరూ దొరకరు. దీన్నే అనాత్మ అంటారు.

ఇప్పుడు వియన్నాకి వద్దాం. 1923లో ఫ్రాయిడ్ మనసుని మూడుగా చూపించాడు. ఇడ్ అంటే కోరికలు. సూపర్ ఈగో అంటే లోపల కూర్చుని తిట్టే పెద్దమనిషి. మధ్యలో నలిగిపోయేది ఈగో. ఫోన్‌లో స్క్రీన్ మీద ఒక యాపే కనపడుతుంది, బ్యాక్‌గ్రౌండ్‌లో బోలెడు నడుస్తుంటాయి. అలాంటిదే ఇది. "నేను" బాస్ కాదు అనే దగ్గర ఇద్దరూ కలుస్తారు.

మరి తేడా ఎక్కడ? ఫ్రాయిడ్ ఈగోని బలపరచమంటాడు, దాగున్నదాన్ని బయటికి తెమ్మంటాడు. బుద్ధుడు "నేను, నాది" అనే పట్టునే వదలమంటాడు.

ఇక్కడే జాగ్రత్త. "ఈగోని చంపేయ్" టైపు రీల్స్ చూసి, లోపల ఖాళీగా అనిపించడమే జ్ఞానం అనుకోవద్దు. 1960లో విన్నికాట్ అనే సైకోఅనలిస్ట్ "ఫాల్స్ సెల్ఫ్" గురించి రాశాడు. చిన్నప్పటి నుంచి ఎదుటివాళ్లకి నచ్చేలా బతికి బతికి, తన బతుకే తనకి అబద్ధంలా అనిపించే స్థితి అది. అది అనాత్మ కాదు, గాయం. జాక్ ఎంగ్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్, తనూ బౌద్ధ ధ్యానం చేసినవాడే, ముందు "నేను" గట్టిగా నిలబడాలి, వదలడం ఆ తర్వాతే అన్నాడు. కాబట్టి రోజుల తరబడి ఖాళీగా అనిపిస్తుంటే ధ్యానంతో కప్పెట్టకండి, కౌన్సెలర్‌తో మాట్లాడండి.

మిగతావాళ్లకి ఒక చిన్న పని. "నేను కోపిష్టిని" అనే బదులు "నాకు కోపం వచ్చింది" అనండి. మన తెలుగులో ఆ మాట ఎప్పటినుంచో ఉంది. వచ్చింది అన్నామంటే, పోతుందనే కదా!