లివరు మీద నింద

మిషిగన్‌లో మొదటి చలికాలం అనుభవమయ్యాక పాత స్నో బ్లోయర్ ఒకటి చవగ్గా దొరికితే కొన్నాను. గ్యారేజీలో ఉన్నంతసేపూ బుద్ధిగానే పనిచేసేది. బయటికి తీసుకెళ్ళి పది నిమిషాలు మంచు ఎత్తించానో లేదో, లివరు మొరాయించేది. నొక్కితే దిగదు, దిగితే లేవదు. లోపలికి తోసుకొచ్చి గంటసేపు వదిలేస్తే మళ్ళీ మామూలే. లివరు మార్చేయాలని తీర్మానించుకున్నాను. పాపం, దానికే పాపమూ తెలియదు.

ఈ యంత్రం హ్యాండిల్ దగ్గర నొక్కే లివర్లు రెండుంటాయి. ఒకటి ముందున్న ఆగర్‌ని, అంటే మరలాంటి రేకుని, తిప్పుతుంది. అది మంచుని లోపలికి లాగితే, వెనకున్న ఇంపెల్లర్ గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. రెండో లివరు యంత్రాన్ని నడిపిస్తుంది. ఏది ఎడమో ఏది కుడో కంపెనీని బట్టి మారుతుంది. ఏదైనా అది చేసేది ఒక్కటే: తీగ లాగడం.

ఆ తీగ మనకి కొత్తది కాదు. స్కూటరు క్లచ్ వైరు చూసినవాళ్ళందరికీ తెలిసిందే. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేరిట పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. పైన వంగే తొడుగు, లోపల తీగ. తొడుగు పగిలితే కరిగిన మంచు లోపలికి దిగుతుంది. బయట చలికి గడ్డకట్టి తీగని పట్టేస్తుంది. గ్యారేజీ వెచ్చదనానికి కరిగిపోతుంది, సాక్ష్యమూ దాంతోపాటే పోతుంది. నా యంత్రంలో జరిగింది ఇదే.

దీన్ని పట్టుకునే ఉపాయం సులువు. లివరు మొరాయిస్తున్నప్పుడే, బయటే, ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి. కేబుల్‌ని కింది కొస దగ్గర ఊడదీసి లివరు నొక్కి చూడండి. ఇంకా బిగుతుగానే ఉంటే దోషం కేబుల్‌లోనో లివరు కీలులోనో ఉంది. తేలిగ్గా ఆడితే రోగం కిందెక్కడో ఉన్నట్టు.

కిందికి వెళ్తే అసలు వినోదం అక్కడుంది. చాలా పాత యంత్రాల్లో వేగం మార్చేవి పళ్ళ చక్రాలు కావు. ఇంజను తిప్పే చదునైన లోహపు పళ్ళెం ఒకటి, దాని ముఖానికి అంచు ఆనించి నిలబడిన రబ్బరు చక్రం ఒకటి. నడిపే లివరు నొక్కితే రెండూ ఒత్తుకుంటాయి. కళ్ళంలో రాటకి వరసగా కట్టిన ఎడ్లని గుర్తు చేసుకోండి. రాట పక్కన ఎద్దు అడుగులో అడుగేస్తుంది. చివరి ఎద్దు దాదాపు పరుగెత్తాలి. చుట్టు మాత్రం అన్నిటికీ ఒకటే. పళ్ళెం మీదా అంతే. మధ్య నుంచి 2 సెంటీమీటర్ల దగ్గరున్న వేగం 4 సెంటీమీటర్ల దగ్గర రెట్టింపు. నట్టనడుమ సున్నా. నడుమ దాటి అవతలికి జరిపితే బండి వెనక్కి నడుస్తుంది. వేగం మార్చే గేరు లివరు వేరే ఉంటుంది. దాని పని ఆ రబ్బరు చక్రాన్ని ఆరుపలకల ఇరుసు మీద అటూ ఇటూ జరపడమే. ఇరుసు తుప్పు పడితే లివరు కదలదు. మనం బలం చూపిస్తే లివరు వంగుతుంది, తుప్పు వదలదు. తుప్పు తీసి, పల్చగా గ్రీజు రాయాలి. పళ్ళెం మీద చుక్క పడిందా, చక్రం జారుతుంది, బండి నిలబడిపోతుంది. నడిపే లివరు నొక్కిపట్టి గేరు మార్చేవాళ్ళు ఇంకో తప్పు చేస్తున్నారు: ఆ రబ్బరుని పళ్ళేనికి రుద్ది అరగదీస్తున్నారు.

ఆగర్ సంగతి వేరు. దాని బెల్టు మామూలుగా వదులుగా ఉంటుంది. లివరు నొక్కితే చిన్న కప్పీ ఒకటి బెల్టుని ఒత్తి బిగిస్తుంది. ఏళ్ళు గడిచి కేబుల్ సాగితే ఆ ఒత్తిడి చాలదు. తడిమంచులో ఆగర్ నీరసిస్తుంది, పిండిమరలో బెల్టు జారినప్పటి వాసన వస్తుంది. అప్పుడు కేబుల్ కొసన ఉన్న నట్టు తిప్పి బిగిస్తాం. ఇక్కడ అత్యాశ పనికిరాదు. లివరు వదిలినప్పుడు తీగలో కాస్త వదులు మిగలాలి. లేకపోతే చెయ్యి తీసినా ఆగర్ తిరుగుతూనే ఉంటుంది. గొట్టంలో ఇరుక్కున్న మంచు తీయబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇంజను ఆపినా సరే, అక్కడికి కర్రే వెళ్ళాలి.

నేను చివరికి కొత్త కేబుల్ వేశాను, లివరు పాతదే. యంత్రాన్ని గ్యారేజీ బయటికి తోసి, ఇంజను స్టార్ట్ చేసి, వెనక నిలబడి ఆగర్ లివరు నొక్కి వదిలాను. ఆగర్ ఆగింది. రెండోసారీ ఆగింది. ఆ తర్వాతే మంచులోకి దిగాను.