కదలని సైకిలు

వెనుక చక్రమునకు రెండు కాళ్ల స్టాండు గల సైకిలును వాకిట నిలిపి, దానిపై ఎక్కి కూర్చుండి పెడళ్లు తొక్కుట మనలో పెక్కుమంది చిన్ననాట ఆడిన ఆటయే. నేలకు రెండు మూడు అంగుళముల ఎత్తున చక్రము గిఱ్ఱున తిరుగును. ఎంతసేపు తొక్కినను కాళ్లు నొవ్వవు, చెమట పట్టదు. కొంతసేపటికి విసుగు పుట్టి పిల్లవాడు తానే దిగిపోవును. అదే పిల్లవాడు అదే సైకిలుపై ఎదురుగాలిలో రెండు మైళ్లు పోయి వచ్చెనేని, రొప్పుచు వచ్చి మంచినీళ్లడుగును. రెండు తావులను తిరిగినవి ఆ చక్రములే, తొక్కినవి ఆ కాళ్లే. మఱి ఈ భేదము దేనివలన కలిగినది? ఇంటిలో సైకిలును కదలకుండ నిలిపి సాధన చేయుటకు నేడు వాడుకలో నున్న ‘ట్రైనరు’ అను సాధనమును గుఱించి తెలిసికొనగోరువారు మొదట ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలయును.

బాటపై పోవు సైకిలును వెనుకకు లాగునవి ముఖ్యముగా మూడు: టైరునకును నేలకును నడుమ కలుగు రాపిడి, మిట్ట ఎక్కునపుడు భూమ్యాకర్షణ, గాలి. మెల్లగా పోవునపుడు గాలి యొకటి అడ్డున్నదన్న మాటయే మనకు తోచదు. కాని వేగము హెచ్చిన కొలదియు ఆ అడ్డు మిక్కిలి త్వరగా పెరుగును. వేగము రెట్టింపైనచో గాలి వెనుకకు నెట్టు బలము నాలుగింతలగును. దానిని ఎదుర్కొనుటకు కాళ్లు ప్రతి సెకనునకు చేయవలసిన పని ఎనిమిదింతలగును. చదునైన బాటపై గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవువాని శ్రమలో నాలుగు పాళ్లకు సుమారు మూడు పాళ్లు గాలిని త్రోసికొని పోవుటకే చెల్లును.

ఈ సంగతిని చార్లెస్ మర్ఫీ అను అమెరికా పందెగాడు ఒక సాహసముచే లోకమునకు చూపెను. 1899వ సంవత్సరము జూన్ 30వ తేదీన, న్యూయార్కునకు చేరువనున్న లాంగ్ ఐలండు రైలుమార్గముపై, పట్టాల నడుమ చెక్కపలకలు పఱపించి, పరుగిడు రైలు వెనుక ఆతడు సైకిలు తొక్కెను. రైలుపెట్టె వెనుక భాగమున అమర్చిన మఱుగు ఆతనికి గాలి తగులకుండ కాపాడెను. ఒక మైలు దూరమును ఆతడు 57.8 సెకనులలో దాటెను. నాటినుండి ఆతనికి ‘నిమిషమునకు మైలు మర్ఫీ’ అను పేరు నిలిచిపోయినది. రైలు మోసినది ఆతనిని కాదు. ఆతని ముందున్న గాలిని మాత్రము అది చీల్చెను.

స్టాండుపై తొక్కు పిల్లవానికి అలసట లేకుండుటకును ఇదియే కారణము. అచట చీల్చవలసిన గాలి లేదు, రాచుకొను నేల లేదు, ఎక్కవలసిన మిట్ట లేదు. కావున ఇంటిలో సాధన చేయగోరు వానికి తిరుగు చక్రమును అడ్డగించు ఉపాయ మొకటి కావలయును. ట్రైనరు చేయు పని యంతయు అదియే.

ఇట్టి సాధనములలో పాతది రోలర్ల పీఠము. ఒక చట్రమున దుంగల వంటి మూడు రోలర్లు అమర్చబడి యుండును. వెనుక చక్రము రెండింటి నడుమను, ముందు చక్రము మూడవదానిపైనను నిలుచును. వెనుక రోలరునుండి ముందు రోలరునకు ఒక బెల్టు పోవుటచే రెండు చక్రములును కూడ తిరుగును. సైకిలును పట్టియుంచునది ఏదియు లేదు. బాటపై వలెనే హాండిలును సరిదిద్దుకొనుచు తూకము నిలుపుకొనవలయును. ఏమఱినచో ప్రక్కకు ఒరుగుట తప్పదు. అందుచే క్రొత్తవారు గోడ ప్రక్కననో, ద్వారబంధము నడుమనో పీఠము నుంచుకొని నేర్చుకొందురు. కాలు తొణకక గుండ్రముగా తిరుగుటకు రోలర్లు మంచి గురువు. కాని సామాన్యమైన రోలర్లలో అడ్డు తక్కువ.

రెండవ తరగతివి వెనుక ఇరుసును గట్టిగా బిగించి పట్టు చట్రములు. టైరునకు ఒక చిన్న రోలరు ఒత్తుకొని యుండును. ఆ రోలరునకు అడ్డు కలిగించు విధములు పలు తెఱగులు. కొన్నిటిలో ఱెక్కల చక్రమొకటి గదిలోని గాలినే చిలుకును. అడ్డు బాగుగనే కలుగును గాని చప్పుడు మిక్కుటము. కొన్నిటిలో అల్యూమినియపు బిళ్ల అయస్కాంతముల నడుమ తిరుగును. అట్లు తిరుగు లోహమున విద్యుత్తు సుడులు పుట్టి ఆ తిరుగుటనే ఎదిరించును. అనగా అయస్కాంతము తాకకయే బ్రేకు వేయునన్నమాట. మఱికొన్నిటిలో మూసిన గూటిలోని చిక్కని ద్రవమునందు ఱెక్కలు తిరుగును. పెరుగు చిలుకునపుడు కవ్వమును ఎంత వడిగా త్రిప్పిన అంత బరువుగా తోచునట్లే, ఇందును వడి హెచ్చిన కొలది బరువు హెచ్చును.

మూడవ తరగతి యందు సైకిలు వెనుక చక్రమునే తీసివేసి, గొలుసును నేరుగా యంత్రమునకున్న పళ్లచక్రములకు తగిలింతురు. టైరు అరుగుట, జారుట అను చిక్కులు ఇందులో లేవు, చప్పుడును తక్కువ. నేటి యంత్రములలో కొన్ని తొక్కువాడు చేయుచున్న పనిని వాట్లలో లెక్కకట్టి చూపుటయే గాక, అడ్డును తామే మార్చుకొనును. ఎదుటి తెరపై కొండబాట కనబడినంతనే పెడళ్లు బరువెక్కును.

ఇంతకును ఇంటిలో తొక్కుటవలన కలుగు మేలేమి? శీతకాలమున మంచును చీకటియు బాటలను మూసివేయు ఐరోపా దేశములలో పందెగాండ్రకు ఇది అవసరముగా ఏర్పడినది. కాని బాట తెఱచియున్నను దీనివలన ఒక లాభము కలదు. బయట గాలి, మిట్టపల్లములు, మలుపులు, బండ్ల రద్దీ మన శ్రమను తమ ఇష్టానుసారము పెంచి తగ్గించుచుండును. ఇంటిలో ఎంత శ్రమ, ఎంతసేపు అన్నది మన చేతిలోనే యుండును. బెల్జియము దేశస్థుడగు ఎడ్డీ మెర్క్స్ 1972వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన మెక్సికో నగరమున ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి నాటి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. ఆ నగరము సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. అచట గాలి పలుచనగుటచే సైకిలునకు అడ్డు తక్కువ. కాని ఊపిరికి అందు ఆక్సిజనును తక్కువయే. దేహమును దీనికి అలవాటు చేయుటకై ఆయన తన దేశమున ఇంటి గారేజీలోనే, ఆక్సిజను తగ్గించిన గాలిని ముఖమునకు తొడిగిన గొట్టము ద్వారా పీల్చుచు, కదలని సైకిలుపై సాధన చేసెను.

ఇంతవరకు గాలిని శత్రువుగానే చెప్పితిమి. దాని రెండవ గుణమును మఱచిన వారికే ట్రైనరు కీడు చేయును. బాటపై మనకు అడ్డు వచ్చు గాలియే మన చెమటను ఆర్చి దేహమును చల్లబఱచుచుండును. ట్రైనరు మొదటి పనిని యంత్రముచే చేయించును; రెండవ పనిని చేయదు.

లెక్క చూతము. మన దేహము వెచ్చించు శక్తిలో పెడళ్లకు చేరునది నూటికి 20 నుండి 25 పాళ్లే. తక్కినది వేడిగా మాఱును. పెడళ్లపై 150 వాట్ల పని చేయువాని దేహమున సుమారు 500 వాట్ల వేడి పుట్టుచుండును. నూఱు వాట్ల పాతకాలపు బల్బులు అయిదు ఒంటిలో వెలుగుచున్నట్లే యనుకొనవచ్చును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసికొనిపోవును. ఆ వేడి నంతను చెమటయే మోయవలసివచ్చినచో గంటకు ముప్పాతిక లీటరు ఆవిరి కావలయును. ఇచట ‘ఆవిరి’ యన్నదే ముఖ్యము. గడ్డమునుండి నేలపై బొట్లుబొట్లుగా రాలిన చెమట దేహమును చల్లబఱచదు. నీటిని మాత్రము వ్యర్థపఱచును. కోస్తా జిల్లాలలో ఉక్కపోసిన దినమున గదిగాలి ముందే తేమతో నిండియుండుటచే చెమట ఆఱుట మఱింత కష్టము.

అట్టి గదిలో ఫాను లేక తొక్కువానికి పని పెరుగకున్నను గుండె వేగము నిమిషనిమిషమునకు పెరుగుచు పోవును. ఏలయన గుండె కండరములకే గాక, వేడిని చర్మమునకు చేర్చుటకును నెత్తురును పంపవలసివచ్చును. దీనిని చూచి ‘నేడు సాధన బాగుగ సాగినది’ అని మురియువారు కలరు. అది సాధన ఫలము కాదు, వేడి ఫలము. తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, ఒడలు జలదరించుట, మాట తడబడుట అను గుర్తులలో ఏది తోచినను తక్షణమే దిగి, చల్లని తావున గాలి తగులునట్లు ఉండి, ఒడలిని తడిపి చల్లబఱచుకొనవలయును. మాట తడబడినను, మతి తప్పినను ఇంటివారు వైద్య సహాయమును పిలువ జాగు చేయరాదు. ఛాతీలో నొప్పి కలిగినచో అదియు వైద్యునకు చూపవలసిన విషయమే గాని ఓర్చుకొనవలసినది కాదు.

కనుక ట్రైనరు కొనువాడు దానితోపాటు ఫానునకు తావు చూచుకొనవలయును. పైకప్పు ఫాను చాలదు. ముఖమునకును ఛాతీకిని సూటిగా తగులునట్లు స్టాండు ఫాను ముందుంచవలయును. కిటికీలు తెఱచియుంచుట మేలు. వేసవి మధ్యాహ్నమున గదిగాలి ఒంటికంటె వేడిగా నున్నప్పుడు ఫాను వడగాలినే విసరును. ఆ దినములలో తెల్లవారుజామునే తొక్కవలయును. నీరు చేతికందునట్లుంచుకొని, కొంచెము కొంచెముగా త్రాగుచుండవలయును.

క్రొత్తవారు మొదటి రెండు మూడు వారములు 20 నుండి 30 నిమిషముల తేలికపాటి సాధనతో తృప్తిపడుట మంచిది. తేలిక యనగా, తొక్కుచునే ప్రక్కవారితో పూర్తి వాక్యములు మాటలాడగలుగుట. తరువాత ఒక క్రమమును పాటింపవచ్చును: మొదట 10 నిమిషములు తేలికగా తొక్కి, పిమ్మట 4 నిమిషములు గట్టిగా, 3 నిమిషములు నెమ్మదిగా, ఇట్లు నాలుగు మార్లు చేసి, తుదకు 7 నిమిషములు మెల్లగా తొక్కి ముగించుట. అంతయు 45 నిమిషములు. గట్టిగా తొక్కునపుడు రెండు మూడు మాటలకు మించి పలుకరాకుండుటయే తగిన కొలత. పెడళ్లు నిమిషమునకు 80 నుండి 90 చుట్లు తిరుగుట చాలమందికి అనువుగా నుండును. బాటపై పల్లము వచ్చినపుడును, మలుపు వచ్చినపుడును కాళ్లకు విశ్రాంతి దొరకును. ట్రైనరుపై అది లేదు. కావున కాలము తక్కువయైనను శ్రమ తక్కువ కాదని గుర్తుంచుకొనవలయును. సైకిలు కదలకుండుటచే సీటు ఒత్తిడియు ఒకే చోట పడుచుండును. పది నిమిషముల కొకసారి లేచి నిలబడి తొక్కుట మేలు.

గృహస్థులు పాటింపవలసిన జాగ్రత్తలు మఱికొన్ని కలవు. తిరుగు చక్రము, గొలుసు చిన్నపిల్లల వ్రేళ్లను క్షణములో నలిపివేయగలవు; సాధన వేళ పిల్లలను దరికి రానీయరాదు. చెమటలోని ఉప్పు ఇనుమును తినివేయును గనుక హాండిలుపై తువాలు కప్పి, ముగిసిన పిమ్మట సైకిలును తుడువవలయును. క్రింద మందమైన రబ్బరు చాప పఱచినచో క్రింది వాటావారికి అదురు తగ్గును. మన వీథులలో తిరుగు బరువైన నల్ల సైకిలు ఇరుసు ఎల్ల ట్రైనర్లకును సరిపడదు; కొనుటకు ముందే చూచుకొనవలయును.

ట్రైనరు నేర్పనివియు కలవు. 2020వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య ట్రైనర్లపై తొక్కువారికి మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిపించెను. పోటీదారులు వేర్వేరు దేశములలో తమ తమ తావులనుండియే తొక్కిరి. స్త్రీలలో దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్మన్ పాసియో, పురుషులలో జర్మనీకి చెందిన జేసన్ ఆస్బోర్న్ గెలిచిరి. ఆస్బోర్న్ నాటికి పడవపందెములలో తెడ్లు వేయుటయందు ఆఱితేఱినవాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో పడవపందెమున వెండి పతకమును పొందెను. గుండె బలము, కాళ్ల బలము ఉన్నచో తెఱ ముందటి పోటీకి చాలునని దీనివలన తెలియుచున్నది. కాని మలుపున ఒరుగుట, గుంతను తప్పించుట, సమయమునకు బ్రేకు వేయుట, వెనుకనుండి వచ్చు లారీని గమనించుట బాటయే నేర్పవలయును. ట్రైనరుపై నెలలు గడిపినవారు బయటకు వచ్చిన మొదటి దినమున రద్దీ లేని వీథిని ఎంచుకొనుట వివేకము.

తుదిగా ఒక చిన్న పరీక్ష. సాధనకు ముందును, ముగిసి ఒడలు తుడుచుకొనిన పిమ్మటను బరువు తూచుకొనుడు. తగ్గిన ప్రతి కిలో సుమారుగా ఒక లీటరు నీటి లోటు. అది క్రొవ్వు కరగుట కాదు. మఱునాటికి తిరిగి వచ్చునదే. ఆ లోటు ఒక కిలోకు మించుచున్నచో ఫానును దగ్గఱకు జరుపుడు, నీటి సీసాను పెద్దది చేయుడు, లేదా వేళను మార్చుడు. సైకిలు కదలకున్నను దానిపైనున్నవాని గుండె మాత్రము కొండబాట ఎక్కుచునే యున్నది. ఆ బాటపై గాలి వీచునట్లు చూచుట మన పని.