తెర మీద చిలకపచ్చ... బ్యానర్ మీద పాచిపచ్చ!

రేపే బొమ్మ విడుదల. శృంగవరపుకోటలో అరకు రోడ్డు పొడుగునా మూడు బ్యానర్లు కట్టాలని అభిమానులు తలా కొంత చందా వేసుకున్నారు. షాపులో కంప్యూటర్ మీద చూస్తే హీరోగారి చొక్కా చిలకపచ్చ! ఈలలు వేశారు. తీరా మొదటి బ్యానర్ చేతికొచ్చేసరికి మొహాలు మాడిపోయాయి.

"ఇదేటన్నా, ఇలాగొచ్చీసింది? పాచి పట్టినట్టుంది!"

"ఇంకు మంచిదే తమ్ముడూ, మిషనూ మంచిదే" అన్నాడు షాపతను.

అతను అబద్ధమాడలేదు. మరి చిలకను ఎత్తుకుపోయిన దొంగెవరు?

దొంగ లేడండీ! తెర లెక్క వేరు, ప్రింటు లెక్క వేరు. తెరకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దీపాలు. చీకట్లో మొదలుపెట్టి, కలిపిన కొద్దీ వెలుగు పెరుగుతుంది. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. ఒక్కో దీపానికీ 0 నుంచి 255 దాకా 256 మెట్లు. మూడింటినీ హెచ్చవేస్తే 1,67,77,216 రంగులు!

కాగితమైనా, ఫ్లెక్సీ అయినా ముందే తెల్లగా ఉంటుంది. ఇంకు ఆ తెలుపులోంచి కొంత వెలుగును మింగేస్తుంది. సయాన్ ఎరుపును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని మింగుతాయి. మూడూ కలిస్తే నలుపు రావాలి గానీ, బురద రంగొస్తుంది. అందుకే నాలుగోది నల్ల ఇంకు. సయాన్‌లో పసుపు ఎంత కలిపినా, వెలిగే దీపమంత ఆకుపచ్చ రాదు. చిలక ఎగిరిపోయింది అక్కడే!

పాత సినీ వారపత్రికలు చూసినవారికి ఈ ఇంకులు పరిచయమే. ఒక రంగు అచ్చు వెంట్రుకవాసి జరిగితే చాలు, హీరోయిన్‌కి రెండు జతల పెదవులు! ఈశ్వర్, గంగాధర్ వంటి పోస్టర్ చిత్రకారులు కుంచెతో కాగితం మీదే రంగులు కలిపేవారు. వారిదీ ఇంకుల కుటుంబమే.

తమాషా ఏమిటంటే, సినిమా రీలుదీ అదే పార్టీ. 1963లో 'లవకుశ' తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రంగా వచ్చింది. అలాంటి రీళ్లలో ఉండేవి సయాన్, మెజెంటా, పసుపు అద్దకాలే. ప్రొజెక్టర్ తెల్ల వెలుగులో అవి మింగగా మిగిలినదే మనం చూసిన రంగు. టీవీ, సెల్‌ఫోన్ మాత్రం దీపాల పార్టీ.

కాబట్టి అభిమాన సోదరులారా! డిజైన్‌ను మొదట్నుంచీ నాలుగు ఇంకుల పద్ధతిలోనే చేయించండి. అదే మిషన్ మీద చిన్న ముక్క తీయించి ఎండలో పట్టి చూడండి. వాట్సాప్‌లో బొమ్మ చూసి 'ఓకే' అనకండి!

కోట కుర్రాళ్లు చివరికేం చేశారంటారా? మిగతా రెండు బ్యానర్లలో చొక్కాను పసుపుకి మార్పించారు. పసుపు ఒక్క ఇంకే గనుక నిండుగా పడి ధగధగలాడింది.

సినిమాలో చొక్కా ఏ రంగని ఎవరూ అడగలేదు. హీరో కళకళలాడితే చాలు కదా!