గొట్టం చిన్నదే... గొడవే పెద్దది!

మనవడికి మూడో నెల. పొద్దున్నే వాడికి లాల పోద్దామని నూనెగిన్నె, సున్నిపిండి పక్కన పెట్టుకుని బకెట్లోకి వేణ్ణీళ్ళు పట్టాను. పిల్లవాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకునే ముందు అలవాటు చొప్పున నీళ్ళలో వేళ్ళు ముంచాను. అంతే, "అమ్మో!" అని కేక పెట్టాను. వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. ఆ నీళ్ళు పొరపాటున పసివాడి ఒంటి మీద పడి ఉంటే? తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

విడ్డూరం ఏమిటంటే, ముందురోజు సాయంత్రం అదే కొళాయిలో గోరువెచ్చని నీళ్ళకు కూడా కరువే. బాలింత తలస్నానం మధ్యలో వణుక్కుంటూ బయటికొచ్చింది. సాయంత్రం చల్లగా, పొద్దున్న సలసలా! ఇదెక్కడి చోద్యం?

అమ్మాయి పురిటికని రాజమండ్రి నుంచి డల్లాస్ దగ్గర ఊరికి వెళ్ళినప్పటి ముచ్చట ఇది. అక్కడ మనలా స్నానాల గదిలో గోడకు గీజరుండదు. ఇంటిల్లిపాదికీ ఒకటే హీటరు. నా భుజం ఎత్తున, 40 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 150 లీటర్ల పీపా. కారు పెట్టుకునే గదిలో ఓ మూల నిలబడి ఉంటుంది. అడుగున గ్యాస్ మంట, పైన చన్నీళ్ళ గొట్టం ఒకటి, వేణ్ణీళ్ళ గొట్టం ఒకటి.

సాయంత్రాలు నీళ్ళు చాలడం లేదని మా అల్లుడు దాని మర తిప్పి వేడి పెంచాడట. తప్పు అతనిది కాదు, తల్లీబిడ్డలకు నీళ్ళు వెచ్చగా ఉండాలనే కదా! కానీ రాత్రంతా ఎవరూ కొళాయి తిప్పరు. పీపాడు నీళ్ళూ కుతకుతలాడేదాకా కాగి కూర్చుంటాయి. అందుకే పొద్దున మొదటి బకెట్ నిప్పు, రెండో బకెట్ నీరు!

వెనిగర్ చెప్పిన నిజం

నాకు మరో అనుమానం కూడా ఉంది. వంటింటి కొళాయి మూతికి ఉండే జల్లెడ తీసి కడిగినప్పుడల్లా తెల్లతెల్లటి పొరక ముక్కలు కనిపించేవి. "నీళ్ళలో సున్నమేలెండి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. సున్నమైతే నాకు తెలియదా! మా ఊళ్ళో నీళ్ళు కాచిన గిన్నెల అడుగున గీకీ గీకీ చేతులు అరిగినవాళ్ళం.

ఆ ముక్కల్ని గాజుగ్లాసు నీళ్ళలో వేశాను. సున్నం పెంకైతే మునగాలి. ఇవి తేలాయి. ఇంకో గ్లాసులో వెనిగర్ పోసి, నాలుగు ముక్కలు అందులో పడేశాను. సున్నానికి వెనిగర్ తగిలితే బుడబుడమని బుడగలొచ్చి కరుగుతుంది. వీటికి చీమ కుట్టినట్టయినా లేదు. "బాబూ, ఇది సున్నం కాదు, ప్లాస్టిక్. లోపలేదో విరిగి ముక్కలవుతోంది, చూడండి" అన్నాను. అల్లుడు గ్లాసు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

ఈలోగా అమ్మాయి ఫోన్ చేస్తే ఒకాయన వచ్చి చూడకుండానే తీర్పు చెప్పేశాడు: "ఎనిమిదేళ్ళ హీటరా? తీసెయ్యండి. కొత్తది, కూలీతో కలిపి 1800 డాలర్లు." ఆస్పత్రి బిల్లులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. అమ్మాయి మొహం వాడిపోయింది. "మరొకర్ని పిలిచి చూపిద్దామే, తొందరేముంది?" అన్నాను. అసలు పని అప్పుడే చేశాం. మర వెనక్కి తిప్పి వేడి తగ్గించాం. పసివాడి నీళ్ళు పొయ్యి మీద విడిగా కాచుకున్నాం.

మా అమ్మమ్మ బాయిలరు

రెండోసారి వచ్చిన ప్లంబరు పెద్దవాడు, నిదానస్తుడు. నా గ్లాసులు రెండూ చూసి నవ్వాడు. అయినా ఊరికే నమ్మలేదు. మంట సరిగ్గా ఉందా, అడుగున మడ్డి పేరుకుందా అన్నీ చూసుకున్నాకే "డిప్ ట్యూబ్ విరిగింది" అన్నాడు.

అదేమిటో అమ్మాయి తెలుగులో చెబుతుంటే నాకు మా అమ్మమ్మ గారి పెరట్లో రాగి బాయిలరు కళ్ళ ముందు కదలాడింది. గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే పక్కనున్న ముక్కులోంచి చెంబుడు వేణ్ణీళ్ళు వచ్చేవి. గరాటు గొట్టం అడుగుదాకా ఉంటుంది కాబట్టి చన్నీళ్ళు కిందికి పోయి, తేలికైన వేణ్ణీళ్ళను పైకి నెడతాయి. ఇక్కడా అదే సూత్రం! చన్నీళ్ళు పైనుంచి వచ్చినా, పొడవాటి ప్లాస్టిక్ గొట్టం వాటిని పీపా అడుగుకు చేరుస్తుంది. అది విరిగితే చన్నీళ్ళు పైనే పడి, బయటికి వెళ్ళే వేణ్ణీళ్ళలో కలిసిపోతాయి. ఎంత కాచినా కుండకు చిల్లు పడ్డట్టే.

ఈ జబ్బు ఆ దేశానికి కొత్తేం కాదట. 1993, 1996 మధ్య తయారైన గొట్టాలు వేడికి పొడిపొడిగా రాలిపోయి, లక్షలాది ఇళ్ళలో ఇదే గోల. చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది.

గొట్టం ఎంపికలో చూసుకోవలసినవి

పాత గొట్టం తీస్తే మూరెడే వచ్చింది. మరి కొత్తది ఎంత పొడుగు కొనాలి? ఆ పెద్దాయన చెప్పినవి మన అమ్మాయిలకు పనికొస్తాయని రాసుకొచ్చాను.

మొదటిది పొడవు. హీటరు మీది చీటీలో మోడల్ నంబరు ఉంటుంది. దాన్ని దుకాణంలో చూపిస్తే సరైన గొట్టం ఇస్తారు. లేదంటే పీపా లోతు కొలుచుకోవాలి. గొట్టం కొస అడుగుకు జానెడు లోపు ఎత్తులో ఆగాలి. పొట్టిదైతే చన్నీళ్ళు మధ్యలోనే కలుస్తాయి. అడుగుకు ఆనితే మడ్డిలో కూరుకుపోతుంది. పొడుగెక్కువైతే కోసుకోవచ్చు. కొస వంపు తిరిగి ఉన్నదాన్ని మాత్రం కోయకూడదు. నీళ్ళు సుడి తిరిగి మడ్డి పేరుకోకుండా ఉండటానికే ఆ వంపు.

రెండోది లావు. ముప్పావు అంగుళం గొట్టాలే ఎక్కువ. అయినా పాత ముక్కను వెంట తీసుకెళ్ళడం మేలు. గొట్టం పైఅంచు గరాటులా విచ్చుకుని ఉండాలి. ఆ అంచు ఆనుకోబట్టే గొట్టం లోపలికి జారిపోకుండా నిలుస్తుంది.

మూడోది సరుకు. చవగ్గా దొరికిందని ఏదో ప్లాస్టిక్ పైపు ముక్క దూర్చేయకూడదు. వేణ్ణీళ్ళకని ప్రత్యేకంగా చేసినదే కొనాలి. పెక్స్ అనే రకం వేడికి బాగా ఆగుతుందట. గొట్టం పైభాగాన చిన్న రంధ్రం ఉంటుంది. చిల్లు గొట్టం అంటగట్టాడని వెనక్కి ఇచ్చేయకండి! వీధి గొట్టంలో నీళ్ళు ఆగిపోయినప్పుడు పీపాలోని నీళ్ళు వెనక్కి లాక్కుపోకుండా కాపాడేది అదే.

నాలుగోది, చన్నీళ్ళ వైపే బిగించాలి. చాలా హీటర్లకు అటు నీలం గుర్తు, వేణ్ణీళ్ళ వైపు ఎరుపు గుర్తు ఉంటాయి. తారుమారైతే అడుగునున్న చన్నీళ్ళే కొళాయికి వస్తాయి.

ఆయన ముందు గ్యాస్ కట్టేసి, చన్నీళ్ళ వాల్వు మూసి, కొన్ని నీళ్ళు వదిలేశాడు. అప్పుడు పానా పట్టి పాతది విప్పాడు. అడుగు కొళాయి తెరిచి లోపలి ముక్కల్ని కడిగేశాడు. కొత్తది దించి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాడు. ఇంట్లో కొళాయి తిప్పి, గాలి పోయి ధార నిండుగా వచ్చాకే మంట వెలిగించాడు. కరెంటు హీటరైతే పీపా నిండకముందు స్విచ్ వేశారో, లోపలి ఎలిమెంటు మాడిపోతుందని మరీ మరీ చెప్పాడు. గొట్టం ఖరీదు 15 డాలర్లు. ఆయన కూలి దానికి పదింతలు. అయితేనేం, 1800 ఎక్కడ, ఇదెక్కడ!

వెళ్తూ వెళ్తూ మరను 120 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టాడు. మన లెక్కలో 49 సెంటీగ్రేడ్. 150 దగ్గర రెండు సెకన్లు చాలట, పెద్దవాళ్ళ చర్మం కూడా లోతుగా కాలిపోవడానికి. మా అల్లుడు పెట్టింది అంతే! ఆ మాట విని అతను తల దించుకున్నాడు. నేను మాట మార్చేశాను.

మన గీజర్ల సంగతి?

మన గోడ గీజర్లలో కథ తిరగబడి ఉంటుంది. రెండు గొట్టాలూ కిందినుంచే ఉంటాయి కాబట్టి చన్నీళ్ళ గొట్టం పొట్టిది, వేణ్ణీళ్ళ గొట్టం లోపల పైదాకా పొడుగ్గా ఉంటుంది. అది విరిగినా తుప్పు పట్టినా ఇదే జబ్బు. కాకపోతే ఉప్పునీళ్ళ ఊళ్ళలో ముందు అనుమానించాల్సింది ఎలిమెంటు మీద పేరుకున్న పెంకునే. ఏదైనా సరే, నీళ్ళు చల్లబడ్డాయని వేడి పెంచేయకండి. ఎందుకు చల్లబడ్డాయో ముందు కనుక్కోండి. కరెంటుతో వ్యవహారం కాబట్టి లోపలి పని మెకానిక్‌కే వదిలేయండి.

మర్నాడు పొద్దున్న మళ్ళీ బకెట్ పట్టాను. ఈసారి మోచెయ్యి ముంచి చూశాను. వెచ్చగా, హాయిగా ఉన్నాయి. కాళ్ళ మీద పడుకుని వెధవాయి బోసినవ్వులు నవ్వాడు. గుమ్మంలోంచి అల్లుడు అడిగాడు: "నీళ్ళు సరిపోయాయా అత్తయ్యగారూ?"

"మీ స్నానానికి కూడా మిగిలాయి బాబూ" అన్నాను.