గుక్కెడు నీటిలోనూ కులమే

పౌష్టికాహారంపై జరిగే చర్చలన్నీ కంచం చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని గ్రాముల మాంసకృత్తులు, ఎన్ని గుడ్లు, ఎంత బియ్యం అన్న లెక్కలే తప్ప, మనిషి గొంతు దిగే ద్రవాల ప్రస్తావన వాటిలో అరుదు. రాజ్యాంగ నిర్మాతలు ఈ పొరపాటు చేయలేదు. ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం, మత్తుపానీయాలను నిషేధించేందుకు కృషి చేయడం అనే బాధ్యతలను 47వ అధికరణంలో ఒకే వాక్యంలో పొదిగారు. తాగేదాన్ని విడిచి తినేదాని గురించి మాట్లాడలేమని వారు గ్రహించారు. దానికి నేను చేర్చదలచింది ఒక్కటే: ఈ దేశంలో ఎవరు ఏమి తాగుతారో నిర్ణయించడంలో కులానిది పెద్ద చెయ్యి.

ముందు నీటి సంగతి. కలుషిత జలం వల్ల పదేపదే విరేచనాల పాలయ్యే పసిబిడ్డకు ఎంత మంచి ఆహారం పెట్టినా అది ఒంటికి పట్టదు. పేగుల లోపలిపొర దెబ్బతిని పోషకాలను పీల్చుకునే శక్తి తగ్గుతుంది. వయసుకు తగిన ఎత్తు ఎదగదు. అంటే మంచినీరు లేని వాడలో పంచే పౌష్టికాహారంలో కొంత వృథా అవుతున్నదన్నమాట. నీళ్లు దూరమై, మరుగుదొడ్డి లేక, కూలికి వెళ్లే స్త్రీలు పగలంతా దాహాన్ని చంపుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, మూత్రపిండాల్లో రాళ్లకు అదొక కారణం.

ఈ దూరం భౌగోళికం మాత్రమే కాదు. పశువులు స్వేచ్ఛగా దిగే మహద్ చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడవవలసి వచ్చింది. ఆ తర్వాత అగ్రవర్ణాలు ఆ చెరువును పేడతో, గోమూత్రంతో 'శుద్ధి' చేశాయి. బొంబాయి హైకోర్టులో న్యాయం దక్కేసరికి 1937 వచ్చింది. మన గడ్డ మీద 1985 జులైలో కారంచేడు మారణకాండకు నిప్పు రాజుకున్నది మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గరే. ఆ నీటిని మురికి చేయవద్దన్న మాటకు బదులుగా ఆరుగురి ప్రాణాలు తీశారు. 2022 డిసెంబరులో తమిళనాడులోని వేంగైవయల్‌లో దళితులు తాగే నీళ్ల ట్యాంకులో మలం కలిపారు. బావి పోయి కుళాయి వచ్చినా, మలినబుద్ధి మాత్రం గొట్టాల వెంట ప్రవహిస్తూనే ఉంది. మా నాయనమ్మ ఊరబావి గట్టు కింద కుండ పెట్టుకుని, పైనుంచి ఎవరైనా దయతలచి నీళ్లు పోసేదాకా ఎండలో నిలబడేది. ఆమె తరం తాగిన నీటి పరిమాణాన్ని నిర్ణయించింది శరీర అవసరం కాదు, పరుల కరుణ.

నల్లగొండ ఫ్లోరోసిస్‌ను ఈ కోణంలోనే చూడాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి. బోరునీటికి కులం తెలియదు, నిజమే. కానీ ఆహారంలో కాల్షియం తక్కువైన దేహంపై ఫ్లోరైడ్ దెబ్బ మరింత తీవ్రంగా పడుతుంది. పాడీ పొలమూ ఉన్న ఇంటికీ, రెండూ లేని ఇంటికీ ఒకే నీరు ఒకే హాని చేయదు.

ఇక మద్యం. ఒక గ్రాము ఆల్కహాల్ ఏడు కేలరీల శక్తినిస్తుంది. మాంసకృత్తులు గానీ, ఖనిజాలు గానీ ఇవ్వదు. పైగా థయమిన్, ఫోలేట్ వంటి విటమిన్లను శరీరం గ్రహించకుండా అడ్డుపడుతుంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కూలి డబ్బు సీసాలోకి పోయినప్పుడు మొదట తగ్గేది ఇంట్లో పప్పు, పాలు. అందులోనూ తల్లి వంతు. 1992లో దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించినప్పుడు వారు మాట్లాడింది నీతిశాస్త్రం కాదు, ఆకలి లెక్క. వారి పోరాటం వల్లనే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని మాత్రం ఖజానా పేరు చెప్పి రెండేళ్లకే సడలించారు.

'వాళ్లు తాగుబోతులు' అని వాడల మీద వేసే నిందను నేను అంగీకరించను. తాగుడు అన్ని కులాల్లోనూ ఉంది. పుష్టిగా తిని తాగేవాడికీ, అర్ధాకలితో తాగేవాడికీ కాలేయం చెల్లించే మూల్యమే వేరు. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో దళితులకు పది శాతం రిజర్వేషన్ కల్పించింది. వ్యాపారంలో వాటాను నేను తప్పుపట్టను. సీసాలో వాటా పంచిన చేయి శుద్ధజలంలో వాటాను లెక్కగట్టిందా అన్నదే నా ప్రశ్న.

టీ కథ వేరు. రెండు గ్లాసుల పద్ధతి దళితుణ్ణి హోటల్ బయట నిలబెట్టింది. పేదరికం అదే టీని అతని ఆకలికి మందుగా మార్చింది. భోజనంతో పాటు తాగే టీలోని టానిన్లు పప్పు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి అందనివ్వవు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తిండికీ టీకీ గంట ఎడం పాటించమని చెప్పడానికి ఖర్చేమీ కాదు. కానీ టీయే పూట భోజనమైన మనిషికి ఆ సలహా ఎలా చెబుతాం?

శ్రామిక కులాల దగ్గర దీనికి జవాబు ఒకప్పుడు ఉండేది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉన్నదానికి ఇది దాదాపు మూడింతలు. మొన్నటిదాకా 'కూలోళ్ల తిండి' అని ఈసడించిన అంబలి ఈనాడు నగరాల్లో ఆరోగ్యపానీయమై అమ్ముడవుతోంది. దాన్ని కాపాడిన ఇళ్లకు మాత్రం చౌకదుకాణం బియ్యమే దిక్కయింది.

కనుక నేను కోరేవి నాలుగు. నీటి పరీక్షల ఫలితాలను ఊరికి ఒకటిగా కాక, వాడవారీగా ప్రకటించాలి. వాడల్లోని బెల్టు షాపులను తొలగించాలి. మద్యం రాబడిలో నిర్ణీత వాటాను తాగునీటికీ, అంగన్‌వాడీ పాలకూ చట్టబద్ధంగా కేటాయించాలి. రాగులను చౌకదుకాణాల్లో ఇవ్వాలి. ఇవేవీ దానాలు కావు. 47వ అధికరణం ప్రభుత్వానికి అప్పగించిన పనులు. డెబ్బై అయిదేళ్లు దాటినా తీరని బాకీలు.