మొక్కలున్న చేపల తొట్టెకు అడుగు మట్టి ఎంపిక

కొన్నేళ్ళ క్రితం విశాఖపట్నంలోని మా ఇంట్లో తొలిసారి మొక్కలతో కూడిన మంచినీటి చేపల తొట్టెను ఏర్పాటు చేశాను. నేలలను గూర్చి బోధించటమే వృత్తి కనుక మట్టి విషయంలో ఒకరిని అడగవలసిన పని లేదనుకున్నాను. పశువుల ఎరువు కలిసిన తోట మట్టిని పరచి, నీరు నింపి, మరునాడే చేపలను విడిచాను. మూడవ నాటికి అవి నీటి పైభాగానికి చేరి నోళ్ళు తెరిచాయి. ఐదవ నాటికి ఒక్కటీ మిగలలేదు. మొక్కకు బలమిచ్చే మట్టి చేపకు విషమెందుకయిందో తెలిస్తే ఇటువంటి నష్టాన్ని నివారించవచ్చు.

నీట మునిగిన మట్టి స్వభావం

తొట్టె అడుగున పరచిన మట్టి వరి మడిలోని మట్టివలెనే ప్రవర్తిస్తుంది. నీరు నిలిచిన ఒకటి రెండు రోజుల్లోనే సూక్ష్మజీవులు మట్టి రంధ్రాలలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అటుపై నైట్రేట్, మాంగనీసు, ఇనుము, సల్ఫేట్ అదే వరుసలో మార్పు చెందుతాయి. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన పొన్నంపెరుమ 1972లో వెలువరించిన సమీక్షా వ్యాసంలో ఈ క్రమాన్ని విపులంగా వివరించారు. ఇనుము, భాస్వరం కరిగి వేర్లకు అందటం మొక్కకు మేలు. అయితే సేంద్రియ పదార్థం కుళ్ళినపుడు వెలువడే అమోనియా, ఆక్సిజన్ లేని మట్టిలో నైట్రేటుగా మారలేక పైనున్న నీటిలో చేరుతుంది. నీటి ఉదజని సూచిక 7 నుండి 8కి పెరిగితే అమోనియాలో విషరూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. కనుక అమోనియాను గానీ, సున్నాన్ని గానీ నీటిలోకి వదిలే పదార్థం తొట్టెకు తగదు.

విశాఖ పరిసరాల్లో లభించే పదార్థాలు

సముద్రపు ఇసుక: కడిగితే ఉప్పు పోతుంది కానీ గవ్వల ముక్కలలోని సున్నం పోదు. అది నెమ్మదిగా కరిగి నీటి కఠినత్వాన్ని, ఉదజని సూచికను పెంచుతుంది.

ఉక్కు కర్మాగారపు స్లాగు: కణికల రూపంలో ఇసుకను పోలి ఉంటుంది. సిమెంటు తయారీకి మంచి ముడిసరుకు. స్లాగులోని కాల్షియం ఆమ్ల నేలలను సరిదిద్దుతుంది. ఆ క్షార గుణమే తొట్టెలో ప్రమాదకరం. వాడరాదు.

ఎర్రమట్టి దిబ్బలు: భీమిలి దారిలోని ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన సహజ వారసత్వ సంపద. అక్కడి నుండి పిడికెడు మట్టి కూడా తీయరాదు.

నది ఇసుక: ఎక్కువ భాగం క్వార్ట్జ్ కనుక నీటి గుణాన్ని మార్చదు. పోషకాలను పట్టి ఉంచే శక్తి లేదు. పై పొరకు శ్రేష్ఠం.

ఎర్ర గరప నేల మట్టి: ఇనుము, కొంత బంక కలిగి పోషకాలను నిలుపుకుంటుంది. ఇటీవల ఎరువులు, పురుగు మందులు, కలుపు మందులు వాడని చోటు నుండి సేకరించాలి.

మార్కెట్‌లో దొరికే కాల్చిన మట్టి గుళికలు కూడా మంచివే, కానీ ఖర్చెక్కువ. కొన్ని రకాలు తొలి వారాల్లో అమోనియాను విడుదల చేస్తాయి.

పరీక్ష, తయారీ

ఇసుకపై కొన్ని చుక్కల నిమ్మరసం లేదా వెనిగర్ వేయాలి. నురుగు వస్తే సున్నం ఉన్నట్లే. నురుగు రాకున్నా, గుప్పెడు ఇసుకను నీటిలో వారం రోజులు నానబెట్టి, ముందు, తరువాత ఉదజని సూచికను పోల్చి చూడాలి.

మట్టిని 2 మి.మీ. జల్లెడతో జల్లించి, వేర్లు, చెత్త తీసివేయాలి. నీటిలో నానబెట్టి, ఆ నీటిని పారబోసి, పలుచగా పరచి ఆరబెట్టాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. ఆరినపుడు అమోనియా నైట్రేటుగా మారుతుంది. మళ్ళీ నానినపుడు ఆ నైట్రేటు నీటితో కొట్టుకుపోతుంది లేదా వాయువై పోతుంది. వరి మడిని తడుపుతూ ఆరబెడుతూ ఉంటే నత్రజని నష్టపోతామని రైతులను హెచ్చరిస్తాం; ఇక్కడ మనకు కావలసింది ఆ నష్టమే.

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల తొట్టెలో 2.5 సెం.మీ. మట్టి, దానిపై అంతే మందాన 1–2 మి.మీ. కణాలున్న ఇసుక పరచాలి. ఒక్కొక్క పొరకు 4.5 లీటర్లు, అనగా ఇసుక సుమారు 7 కిలోలు అవసరం. మట్టి పొర మందమైతే కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ ఏర్పడి వేర్లు నల్లబడతాయి. తొలి రోజే ఎక్కువ మొక్కలు నాటడం మంచిది. వరివలె వల్లిస్నేరియా, క్రిప్టోకొరైన్ మొక్కలు కూడా ఆకుల నుండి వేర్లకు ఆక్సిజన్ చేరవేసి చుట్టూ ఉన్న మట్టిని బాగుచేస్తాయి. అనుబియాస్, జావా ఫెర్న్‌లకు మట్టి అవసరం లేదు. రాయికో, కర్రకో కడితే చాలు.

తొలి వారాల్లో నీటిని తరచుగా మార్చాలి. పరీక్ష కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపి, వారం పాటు అలాగే నిలిచిన తరువాతనే చేపలను విడవాలి. ఇందుకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. రెండవసారి ఈ పద్ధతినే పాటించి, నలభయ్యవ రోజున నాలుగు చేపలను మాత్రమే విడిచాను. ఆ నాలుగూ బ్రతికాయి.