ఇంటింటికీ ఫైబర్: రెండు నెట్‌వర్క్ నమూనాలు

నూజివీడు మామిడి తోటల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటిగా ఉన్న 32 ఇళ్లను ఊహించుకోండి. వాటికి ఫైబర్ ఎలా ఇస్తారు?

ఎక్స్ఛేంజి నుంచి ఇంటికో పోగు లాగడం పాయింట్-టు-పాయింట్ పద్ధతి. పోగు సామర్థ్యమంతా ఆ ఇంటిదే. కాని 32 పోగులు, 32 పోర్టులు కావాలి. రెండవది పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్. ఒకే పోగు వచ్చి, కరెంటు అక్కరలేని స్ప్లిటర్ దగ్గర చీలుతుంది. జీపాన్ ప్రమాణంలో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్ సామర్థ్యాన్ని ఇళ్లన్నీ పంచుకుంటాయి.

వేగం ఒక్కటే చూసి ఆగకండి, కాంతి లెక్క కూడా వేయాలి. కాంతి రెండుగా చీలిన ప్రతిసారీ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 32 ఇళ్లకు అయిదు చీలికలు, అంటే 15. ఆచరణలో 17 దాకా పోతుంది. పోగులో కిలోమీటరుకు సుమారు 0.35 నష్టం, 20 కిలోమీటర్లకు 7. మొత్తం 24. బి-ప్లస్ తరగతి పరికరాలు తట్టుకునేది 28. మిగిలిన 4లోనే అతుకులూ కనెక్టర్లూ సర్దుకోవాలి. అంత దూరంలో 64 ఇళ్లకు చీలిస్తే ఇంకో 3 పోతుంది.

2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్ గ్రిడ్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే సాగాయి. తవ్వకం ఖర్చు తప్పింది, నిజమే. అయితే ఈదురుగాలికి కొమ్మ విరిగిపడితే తీగ తెగుతుంది, అతుకు పెరుగుతుంది. అందుకే తోటల ప్రాంతానికి 32 దాటవద్దంటాను. ఆ చీలికను కూడా ఊరి మొదట్లో నాలుగుగా, తోటల దగ్గర ఎనిమిదేసిగా విడదీస్తే కాంతి నష్టం దాదాపు అంతే ఉంటుంది, తీగ మాత్రం చాలా ఆదా అవుతుంది.